లాగే బలం – ఆపే బలం
(కొత్తగా ట్రాక్టరు, ట్రాలీ కొనే కుటుంబాలకు కొన్ని మాటలు. ఖటక్ చించోళి తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను రైల్వేలో గుమాస్తాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించినవాడిని. కవిత్వం మీద గాని, పంచాంగం మీద గాని ప్రసంగించే శక్తి నాకు లేదు. కార్యదర్శిగారు “మనవాళ్ళకు నాలుగు రోజులు పనికివచ్చే విషయం ఏదైనా చెప్పండి” అన్నారు. గనుక బండి వెనక బండి కట్టి లాగడం గురించి మాట్లాడదలిచాను. మా కొలువంతా అదే కదా! ఒక యింజను వెనక అనేక బండ్లు.

ఈ విషయం యిప్పుడే ఎందుకంటే, కార్తీకం నుండి ఫాల్గుణం దాకా మన భాల్కి తాలూకా రోడ్ల మీద చెరకు బండ్ల వరుస తెగదు. హుంజి చక్కెర కర్మాగారం వైపు పోయే ట్రాక్టర్లను మనం రోజూ చూస్తూనే ఉంటాము. ఆ పని ముగిసేసరికి ఉగాది వస్తుంది. చేతిలో నాలుగు డబ్బులుంటాయి. మంచిరోజు కూడాను. ఇన్నాళ్ళు కౌలు చేసినవారు, ఇతరుల ట్రాక్టరు మీద జీతానికి ఉన్నవారు, ఈ రోజున సొంత బండికి బయానా యివ్వాలనుకుంటారు. పరాయి ప్రాంతం వచ్చి, కష్టపడి, సొంత బండి కొనే స్థితికి రావడం మన సంఘానికే గౌరవం. ఆ గౌరవం నిలవాలంటే కొన్ని సంగతులు ముందే తెలిసి ఉండాలి.

కొనబోయేవారు దుకాణంలో అడిగే ప్రశ్న ఒకటే. “ఎన్ని హార్సుపవరు? ఎన్ని టన్నులు లాగుతుంది?” దుకాణదారు చెప్పేదీ అదే. “ఎన్ని టన్నులు ఆపుతుంది?” అని అడిగేవారు చాలా అరుదు. నేను ఈవేళ చెప్పదలచినదంతా ఈ రెండవ ప్రశ్నలోనే ఉన్నది.

45 హార్సుపవరు ట్రాక్టరు బరువు ఇంచుమించు 2 టన్నులు. దాని వెనక చెరకు నింపిన ట్రాలీ 8, 10 టన్నులు తూగడం వింత కాదు. లాగేటప్పుడు ఈ తేడా మనకు తెలియదు. గేరు తగ్గిస్తే బండి నెమ్మదిగా కదులుతుంది. దిగుడు వచ్చినప్పుడు గాని, ఎదురుగా గేదె అడ్డం వచ్చినప్పుడు గాని అసలు సంగతి బయటపడుతుంది. మన పల్లెల్లో చాలా ట్రాలీలకు బ్రేకు లేదు. అప్పుడు ఆ 10 టన్నులను ట్రాక్టరు వెనక చక్రాలు రెండే ఆపాలి. ఉరికే కోడె తోక పట్టుకుని పిల్లవాడు ఆపబోయినట్లే ఉంటుంది. వెనక నుండి ట్రాలీ నెడుతుంది, ట్రాక్టరు పక్కకు తిరుగుతుంది, రెండూ కత్తెర మూసినట్లు మడతపడతాయి. నడిపేవాడు ఆ మడతలో చిక్కుకుంటాడు.

రైలుబండిలో యింజను ఒక్కటే ఆపదు. ప్రతి పెట్టెకూ బ్రేకు ఉంటుంది. గొట్టంలో గాలి అందరినీ కలుపుతూ పోతుంది. మధ్యలో లంకె తెగి బండి రెండుగా విడిపోయినా, గాలి బయటికి పోగానే రెండు ముక్కల బ్రేకులూ వాటంతట అవే పడతాయి. అందుకే అంత బరువును నమ్మి నడపగలుగుతున్నారు. విదేశాలలో ఉన్న మన పిల్లలు కారు వెనక యిల్లువంటి బండి కట్టుకొని సెలవులకు తిరుగుతారు. దానిని కారవాన్ అంటారు. ఇంగ్లండులో 750 కిలోలు మించి బరువుండే వెనకబండికి బ్రేకు తప్పనిసరి. లంకె ఊడితే దాని బ్రేకు తానే పడేటట్లు ఒక తీగె కూడా ఉండాలి. కొత్తవారు కారు బరువులో 85 శాతం మించిన కారవాన్ కట్టవద్దని అక్కడి అనుభవజ్ఞులు సలహా చెబుతారు. అది చట్టం కాదు, సలహా మాత్రమే. అయినా దానిలోని న్యాయం చూడండి. వెనకది ముందుదానికంటె తేలికగా ఉండాలంటున్నారు. మనం నాలుగైదు రెట్లు బరువు కడుతున్నాము! వ్యవసాయానికి అంత తక్కువ బరువుతో పని జరగదు, ఒప్పుకుంటాను. అయితే ఆ కొరత దేనితో తీర్చాలి? తక్కువ వేగంతో, ట్రాలీకి బ్రేకుతో తీర్చాలి. గనుక బ్రేకు ఉన్న ట్రాలీనే అడగండి. కొంచెం ధర ఎక్కువైనా సరే.

వేగం సంగతి లెక్కతో చెబుతాను. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పడిన తరువాత 8 మీటర్లలో ఆగే బండి, 40 కిలోమీటర్ల వేగంలో 32 మీటర్లు పోయి గాని ఆగదు. వేగం రెండింతలైతే దూరం నాలుగింతలు. ఇది ఖాళీ బండికైనా, నిండు బండికైనా తప్పని లెక్క. నిండు బండికి ఆ 8 మీటర్లే ఇంకా పెరుగుతాయి.

రెండవ సంగతి బరువు సర్దడం. ఎద్దుబండి కట్టినవారికి ఇది నేను చెప్పనక్కరలేదు. బరువు ముందుకు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద పడుతుంది. వెనకకు ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడ పలుపులు గొంతుకు బిగుస్తాయి. రెండు చక్రాల ట్రాలీ కూడా ఎద్దుబండే. ముందు మరీ బరువైతే ట్రాక్టరు ముందు చక్రాలు తేలి, స్టీరింగు మాట వినదు. వెనక బరువైతే హుక్కు పైకి లేచి, ట్రాక్టరు వెనక చక్రాల పట్టు పోతుంది. ట్రాలీ పాములాగ ఊగుతుంది. కారవానుకు కూడా మొత్తం బరువులో 5 నుండి 7 శాతం లంకె మీద పడేటట్లు సర్దుకోమని ఇంగ్లండులో చెబుతారు. మన ట్రాలీకి ఆ అంకె సరిపోదు. ట్రాక్టరు కంపెనీ యిచ్చిన పుస్తకంలో హుక్కు మీద ఎంత బరువు పడవచ్చునో వ్రాసి ఉంటుంది. అది కన్నడంలో గాని, హిందీలో గాని ఉంటే బడిపిల్లలచేత చదివించుకోండి. బరువైన సరుకు అడుగున, ఇరుసు మీద, దానికి కొంచెం ముందుగా సర్దండి. ఎత్తు పెరిగినకొద్దీ మలుపులో బోల్తాపడే భయం పెరుగుతుంది. చెరకు కట్టలు రోడ్డుకు అటూ ఇటూ పొడుచుకు వస్తే సైకిలు మీద పోయే పిల్లవాడికి తగులుతాయి.

మూడవది లంకె. ట్రాలీని కంపెనీవారు అమర్చిన హుక్కుకే తగిలించాలి. నాగలి తగిలించే టాప్ లింకుకు గొలుసు కట్టి లాగకూడదు. లాగే చోటు పైకి పోయినకొద్దీ ట్రాక్టరు ముందు భాగం లేస్తుంది. క్షణంలో వెనకకు తిరగబడి నడిపేవాడి మీద పడుతుంది. దిగబడిన ట్రాలీని లాగేటప్పుడు జరిగే చావులు ఇటువంటివే. హుక్కు పిన్నుకు లాకు ఉండాలి. మేకు గాని, తీగె గాని దూర్చి సరిపుచ్చకూడదు. పిన్ను తప్పినా ట్రాలీ విడిపోకుండా ఒక గట్టి గొలుసు కూడా ఉండాలి. ట్రాక్టరు వెనకకు వచ్చేటప్పుడు హుక్కు పట్టుకొని మధ్యలో ఎవరినీ నిలబెట్టకండి. అందులోను పిల్లలను అసలు కూడదు. రైల్వే యార్డులో బండి కదులుతుండగా రెండు పెట్టెల మధ్యకు మనిషి పోకూడదు అనేది మొట్టమొదటి పాఠం. ఆ పాఠం వెనక ఎందరి ప్రాణాలో ఉన్నవి.

నాలుగవది నడిపే పద్ధతి. ట్రాక్టరుకు బ్రేకు పెడల్సు రెండు ఉంటాయి, ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి. దుక్కిలో మలుపు తిరగడానికి అవి విడివిడిగా ఉంటాయి. రోడ్డు ఎక్కే ముందు రెండింటినీ కలిపి లాకు వేయాలి. లేకపోతే ఒకే చక్రానికి బ్రేకు పడి, బండి గిర్రున తిరుగుతుంది. దిగుడు మొదలుకాక ముందే చిన్న గేరు వేసుకోవాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రలులో దింపడం, క్లచ్చి తొక్కి వదలడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. వెనకకు పోయేటప్పుడు రెండు చక్రాల ట్రాలీ మనం తిప్పినదానికి ఎదురు దిక్కుకు పోతుంది. ఖాళీ మైదానంలో, ఖాళీ ట్రాలీతో వారం రోజులు అభ్యాసం చేయండి. మలుపులో ట్రాలీ చక్రం ట్రాక్టరు చక్రంకంటె లోపలికి కోసుకుపోతుంది. గనుక మూలమీద నిలబడినవారిని చూసి, వెడల్పుగా తిరగాలి. ఎత్తే ట్రాలీ అయితే, తొట్టి లేపినప్పుడు పైన కరెంటు తీగెలు చూడండి. లేపిన తొట్టి కింద ఆధారం పెట్టకుండా ఎవరూ దూరకూడదు.

రాత్రి సంగతి ప్రత్యేకంగా మనవి చేస్తాను. రైలుబండి ఆఖరు పెట్టెకు రాత్రిళ్ళు ఎర్ర దీపం ఉంటుంది. అది లేని బండి దాటిపోతే స్టేషనులో ఉన్నవారికి నిద్రపట్టదు. బండి మొత్తం వచ్చిందని చెప్పేది ఆ దీపమే. మన ట్రాలీలు మాత్రం చీకట్లో దీపం లేకుండా పోతుంటాయి. టైరు పంచరైతే రోడ్డు మీదనే నిలిచిపోతాయి. వెనక మోటారు సైకిలు మీద వచ్చేవాడికి నల్లటి రోడ్డు మీద ఆ నల్లటి చెరకు గుట్ట కనబడదు. వెనక ఎర్ర దీపాలు, మెరిసే పట్టీలు తప్పక ఉండాలి. ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు. మట్టి పడితే రోజూ తుడవాలి. బండి ఆగిపోతే దూరంగా వెనక మెరిసే త్రికోణం పెట్టాలి. పట్టీ ధర ఎంత? ఒక ప్రాణం ధర ఎంత?

ఇక కాగితాలు. మా గుమాస్తాలకు ఇదే ఇష్టమైన భాగం!

మొదట తెలియవలసినది ఏమంటే, చట్టం దృష్టిలో ట్రాలీ ట్రాక్టరుకు తోక కాదు, వేరే వాహనం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం దానికి ట్రెయిలరు అని పేరు పెట్టి, వేరే రిజిస్ట్రేషను కావాలన్నది. దాని నంబరు దాని పక్కన వ్రాయాలి. లాగే ట్రాక్టరు నంబరు కూడా ట్రాలీ వెనక ఉండాలి. మన భాల్కి కార్యాలయం నంబర్లు కె.ఎ. 39తో మొదలవుతాయి. కొత్తది కొంటే దరఖాస్తుకు ఫారం 20, అమ్మకపు పత్రం ఫారం 21, తయారుచేసినవారు బండి రోడ్డుకు తగినదని యిచ్చే ఫారం 22, ఈ మూడూ అడగండి. వీధి చివర వెల్డింగు షాపులో చవకగా కట్టించిన ట్రాలీకి ఈ పత్రాలు రావు. పత్రాలు లేనిదానికి నంబరు రాదు. నంబరు లేనిదానికి ఇన్సూరెన్సు రాదు.

జహీరాబాదులో గాని, నారాయణఖేడులో గాని బంధువుల వద్ద పాత ట్రాక్టరు కొనేవారు మనలో ఎక్కువ. తెలంగాణ బండి కర్ణాటకానికి వచ్చినప్పుడు ఫారం 28 మీద అక్కడి కార్యాలయం అభ్యంతరం లేదని వ్రాసి యివ్వాలి. యాజమాన్యం మార్చుకోవడానికి ఫారం 29, 30. వేరే రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. “బావమరిదే కదా, ఆయన పేరు మీదనే ఉండనీ” అనుకోకండి. కాగితం మీద ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వారిదే అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. మీరు నడిపే బండి వలన ప్రమాదం జరిగితే జహీరాబాదులోని బావమరిది పొలం జప్తుకు వస్తుంది. అమ్మేవారు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

లైసెన్సు గురించి చాలా సందేహాలు ఉన్నవి. 7,500 కిలోలు మించని ట్రాక్టరు తేలిక మోటారు వాహనాల తరగతిలో చేరుతుంది. సరైన లైసెన్సు ఉన్నవాడు వెనక ట్రాలీ కట్టి సరుకు వేసినంత మాత్రాన అనర్హుడు కాడని సుప్రీంకోర్టు 2001లో నాగశెట్టి కేసులో తీర్పు చెప్పింది. 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా, తేలిక వాహనాల లైసెన్సుతో 7,500 కిలోలలోపు రవాణా వాహనాలు నడపవచ్చునని తేల్చింది. అయితే లైసెన్సు అనేది ఉండాలి కదా! 18 సంవత్సరాలు నిండని పిల్లవాడికి తాళంచెవి ఇస్తే, శిక్ష పిల్లవాడితో పోదు. తండ్రికి గాని, యజమానికి గాని 3 సంవత్సరాల వరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. ఇది 2019 సవరణ. “మావాడు పదో తరగతిలోనే ట్రాక్టరు తోలుతాడు” అని గొప్పగా చెప్పుకునే తండ్రులు దయచేసి వినండి.

అదే సవరణ ప్రకారం అనుమతించిన బరువు మించితే 20,000 రూపాయలు, మించిన ప్రతి టన్నుకు మరి 2,000. అదనపు సరుకు దింపించే ఖర్చు కూడా మనదే. రైల్వేలో ప్రతి వాగను పక్కన దాని సొంత బరువు, మోయగలిగిన బరువు రెండూ వ్రాసి ఉంటాయి. మీ ట్రాలీ మీద కూడా వ్రాయించండి. నింపే కూలీకి, తోలే డ్రైవరుకు, మీకు, ముగ్గురికీ ఒకే అంకె కనబడాలి.

ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు ట్రాక్టరు నంబరుతోపాటు ట్రాలీ నంబరు కూడా పాలసీలో ఉన్నదా అని చూసుకోండి. “వ్యవసాయానికి మాత్రమే” అని వ్రాసి ఉంటే, ఇటుకలకు, ఇసుకకు, పెళ్ళి ప్రయాణాలకు తిప్పినప్పుడు ఆ పాలసీ మన వెంట నిలబడదు.

ఇక్కడ నా ప్రసంగంలో ముఖ్యమైన మాటకు వచ్చాను. అమ్మలు, అక్కచెల్లెళ్ళు కూడా శ్రద్ధగా వినాలి.

ట్రాలీ సరుకుకు పుట్టింది, మనుషులకు కాదు. దానిలో కూర్చోడానికి సీటు లేదు, పట్టుకోడానికి కడ్డీ లేదు. బోల్తాపడితే అది మూత వేసినట్లు మనుషుల మీద బోర్లపడుతుంది. 2018 జూన్ 24న యాదాద్రి జిల్లా వేములకొండ వద్ద వ్యవసాయ కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది మరణించారు. దాదాపు అందరూ స్త్రీలే. పొద్దున కూలికి బయలుదేరినవారు. 2022 అక్టోబరు 1న కాన్పూరు వద్ద, పుట్టువెంట్రుకల మొక్కు తీర్చుకొని దేవాలయం నుండి తిరిగివస్తున్న ట్రాలీ చెరువులో బోల్తాపడి 26 మంది పోయారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. రెండు చోట్లా నీరు సముద్రమంత లోతు కాదు. పైన ట్రాలీ ఉండడం వలన లేవలేకపోయారు.

ఇక తరువాత మిగిలేది ఏమిటి? ట్రాలీలో ప్రయాణం చేస్తూ పడిపోయిన ఒక కూలీ కేసులో సుప్రీంకోర్టు 2007లో, ఆ సమయంలో ట్రాక్టరు వ్యవసాయపు పనిలో లేదు, గనుక ఇన్సూరెన్సు కంపెనీకి బాధ్యత లేదన్నది. కూలీ బీదరికం చూసి, కంపెనీ ముందుగా డబ్బు చెల్లించి యజమాని వద్ద వసూలు చేసుకోవాలని ఉత్తరువు యిచ్చింది. యజమాని వద్ద, అనగా ఎవరి వద్ద? ఉగాదినాడు పసుపు కుంకుమ పెట్టి బండి కొన్న మనవంటివాడి వద్దనే. బండి మీద అప్పు ఉండగానే దాని మీద ఇంకొక అప్పు. ఒక కుటుంబానికి మనిషి పోతాడు, ఇంకొక కుటుంబానికి భూమి పోతుంది. రెండు కుటుంబాలూ ఒకే వాడలోవి కావచ్చును. పరాయి ప్రాంతంలో మనం ఒకరికొకరం తప్ప ఎవరున్నారు?

“కూలీలు మరి ఎట్లా పోవాలి? బస్సు ఆ పొలం దాకా రాదు” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి నా దగ్గర సులభమైన జవాబు లేదు గాని, నలుగురు రైతులు కలిసి చెరకు రోజులలో ఒక ఆటోనో, జీపునో మాట్లాడుకుంటే తలకు పడే ఖర్చు పెద్దది కాదు. కోత కూలీల ముఠాతో బేరం కుదుర్చుకున్న రోజుననే ప్రయాణ ఖర్చు కూడా బేరంలో వేయండి. మన సంఘం పక్షాన ఈ ఏర్పాటు చేయవచ్చునా అని కార్యవర్గం వారు ఆలోచించవలసిందిగా ఈ సభాముఖంగా ప్రార్థిస్తున్నాను. జాతరకు, పెళ్ళికి మాత్రం ట్రాలీ కట్టవద్దు. ఆ ఒక్క పనికి బస్సు మాట్లాడుకోలేని పెళ్ళి మన ఊరిలో లేదు. బ్యాండుకు యిచ్చే డబ్బులో సగం చాలు.

అమ్మలారా, ఇంటిలో బండి కొనే మాట వచ్చినప్పుడు రంగు, హార్సుపవరు మగవారు చూసుకుంటారు. మీరు మూడు ప్రశ్నలు అడగండి. ట్రాలీకి బ్రేకు ఉన్నదా? ట్రాలీకి వేరే నంబరు, ఇన్సూరెన్సు ఉన్నవా? వెనక ఎర్ర దీపం వెలుగుతున్నదా? ఈ మూడింటికి అవునని జవాబు వచ్చిన తరువాతనే కొబ్బరికాయ కొట్టనివ్వండి.

బలం అంటే లాగడమేనని మనం చిన్నప్పటినుండి అనుకుంటూ వచ్చాము. బరువు ఎంత ఉన్నా అడ్డం వచ్చిన పిల్లవాడి ముందు ఆగగలిగిన బండే బలమైన బండి. ఈ సంవత్సరం మన వాడలో కొత్త బండ్లు చాలా రావాలి. వచ్చిన ప్రతి బండీ, దానిని నడిపే ప్రతి మనిషీ, ప్రతి సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరాలి.